గడువు

పదకొండో నంబరు కోర్టు హాల్లో
ఇవాళ కూడా అదే మాట అన్నాను:
"ఇన్‌స్ట్రక్షన్స్ రాలేదు మైలార్డ్, రెండు వారాలు గడువు."
తొమ్మిదేళ్లుగా రాని ఉత్తరం గురించి
నిన్ననే పోస్టులో వేశారన్నట్టు మాట్లాడటం
ఈ కొలువులో నేను బాగా నేర్చిన విద్య.

రోడ్డు వెడల్పులో పోయిన నలభై రెండు గజాలు.
పురానాపూల్ దగ్గర సైకిల్ రిపేరు దుకాణం.
ఇప్పుడు ఫుట్‌పాత్ మీద కూర్చుంటున్నాడని
అఫిడవిట్ మూడో పేరా.
పిటిషనర్ గౌస్ మొహియుద్దీన్
వెనక గోడకి ఆనుకొని నిలబడతాడు.
కేసు పిలవగానే చొక్కా గుండీలు తడుముకుంటాడు.
నిమిషంన్నరలో అయిపోతుంది.
వెళ్తూ వెళ్తూ నాకు సలాం చేస్తాడు,
నేను ప్రభుత్వాన్ని కదా మరి.

అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో ఆటో ఆగిన చోట
నల్లకోటు విప్పి మడతపెడతాను.
ఆరింటికి బషీర్‌బాగ్‌లో సాయంత్రం క్లాసు.
చేతిలో సుద్దముక్క ఉంటే నా గొంతు వేరు.
"ఎదుటివాడి మాట వినకుండా
సరైన తీర్పు చెప్పినా అది తప్పే"
అంటాను, ఫ్యాను చప్పుడు మీదుగా.
ముప్పై మంది రాసుకుంటారు,
సగం మంది డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు.
ఒక కానిస్టేబులు, ఇద్దరు బ్యాంకు గుమాస్తాలు,
మందుల షాపు వాసనతో వచ్చే ఒకాయన,
రెండో వరసలో కౌసర్.

కౌసర్ లేచి అడిగింది:
"కౌంటర్ వెయ్యకుండ సర్కారు ఎన్నేండ్లు ఉండొచ్చు మేడం?"

"మంచి ప్రశ్న" అన్నాను.
"వచ్చే క్లాసులో చూద్దాం."

ఎవరూ నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది,
సుద్దముక్క పట్టుకొని కూడా గడువే అడిగాను.

పరీక్షకి ప్రశ్న నేనే తయారుచేశాను.
'క' అనే మనిషి. 'చ' అనే ప్రభుత్వం.
జాగా తీసుకొని తొమ్మిదేళ్లు, పైసా ఇవ్వలేదు.
పేర్లు తీసేస్తే బరువు తగ్గుతుందనుకున్నాను కాబోలు.

కౌసర్ ఆరు పేజీలు రాసింది.
చదువుతూ చదువుతూ
కుక్కర్ ఎన్ని కూతలేసిందో లెక్క తప్పాను.
ఇరవైకి పదిహేడు.
మూడు ఎందుకు కోశానంటే
పరిహారం అడిగింది గానీ
తొమ్మిదేళ్ల వడ్డీ అడగడం మరిచింది.
మార్జిన్‌లో ఎర్రగా రాశాను: "అడగనిది కోర్టు ఇవ్వదు."

అప్పుడు చూశాను.
నాలుగో పేజీ కింది మూల
బొటనవేలంత నల్లటి మరక.
సిరా కాదు, గ్రీజు.
లేచి ఫైలు విప్పాను.
అఫిడవిట్ రెండో పేజీ, అదే మూల.

హాజరుపట్టీలో తండ్రి పేరు ఉండదు.
ఆఫీసులో అడిగితే చెప్తారు.
అడగలేదు.
అడిగితే తెలుస్తుంది,
తెలిస్తే బయటికి చెప్పాల్సి వస్తుంది,
తెలియకపోతే
ఇంకో రెండు వారాలు.

కానీ పోయిన జూలైలో నల్లబోర్డు మీద
నా చేత్తో నేనే రాసి కింద గీత గీశాను:
తెలుసుకోగలిగీ తెలుసుకోనివాడు
తెలిసినవాడి కిందే లెక్క.
కానిస్టేబులు మళ్లీ చెప్పమంటే
మళ్లీ చెప్పాను కూడా, ఉదాహరణతో సహా.

పొద్దున ఫైలు మీద చీటీ అంటించాను:
"వేరే ప్లీడరుకు అప్పగించగలరు. కారణం స్వయంగా చెబుతాను."
క్లర్కు సంగప్ప చదివి తల గోక్కున్నాడు.
"గడువులు అడుక్కుంట పోతె
ఓడేదేముందమ్మా ఇండ్ల?"

పదిహేడుని మాత్రం మార్చలేదు.
వడ్డీ అడగాల్సిందే.