కింద చుక్కలు

గవర్నరుపేటలో మూడు ప్రెస్సులకి ప్రూఫులు దిద్దేవాడు మా నాన్న.
పగలు చాలక పని ఇంటికొచ్చేది,
సంచిలో టిఫిను క్యారియరు పక్కన చుట్టుకుని,
పచ్చి సిరా వాసనతో.

అన్నాలయ్యాక ముత్యాలంపాడు వాటాలో
అమ్మ బల్బుకి ఒక పక్క పాత క్యాలెండరు కట్టేది,
చిన్నదాని కళ్ళ మీద వెలుగు పడకుండా.
నేను రాతప్రతి పట్టుకుని పైకి చదవాలి,
ఆయన అచ్చు మీద ఎర్ర రీఫిలు నడిపించాలి.
కామాలు కూడా చదవాలి.
"నాన్నా కామా నువ్వెళ్ళొద్దు కామా అంది పాప ఫుల్‌స్టాప్."
గొంతు పట్టేసే చోట కూడా
ఫుల్‌స్టాప్ అని పలికితే గానీ ముందుకి పోనిచ్చేవాడు కాదు.

ఎంతమంది నాన్నలు వచ్చిపోయారో ఆ బల్బు కింద!
పదకొండో పేజీలోనే పోయి
మిగతా నవలంతా గోడ మీద దండతో ఉండిపోయినవాడు.
ఏదో మంచుదేశం నుంచి అనువాదమై వచ్చి
కొడుకు బూట్ల కోసం గుర్రాన్నమ్ముకున్నవాడు.
డిటెక్టివ్ నవల్లో నాన్నే హంతకుడు,
పుస్తకం బజారుకి రాకముందే క్లాసులో అందరికీ చెప్పేశాను.
లెక్కల గైడులో ఇంకొకడు:
ఇప్పుడు కొడుక్కి మూడింతల వయసు,
పదిహేనేళ్ళకి రెండింతలే.
"అయితే సమానం అయ్యేదెప్పుడే?" అన్నాడు నాన్న, పెన్ను ఆపకుండా.
"ఎప్పటికీ అవరు నాన్నా."
"ఊఁ. తర్వాత వాక్యం."

కథ బావుందా అనడిగితే
"కథ నాకెక్కడ కనిపిస్తుందే,
ఒత్తులు చూసుకునేసరికే తెల్లారుతుంది" అనేవాడు.

గుర్తులు నేర్పాడు నాకు.
గీత కొట్టి తోక తిప్పితే: తీసెయ్యి.
కొట్టేసిన మాట కింద చుక్కలు పెడితే:
పొరపాటున కొట్టాను, ఉండనివ్వు.
ఈ రెండోది ఆయన వాడగా నేను చూడలేదు.
కొట్టేస్తే కొట్టేసినట్టే.

మా అన్న భావన్నారాయణ
ఒక వేసవిలో మూలనున్న కట్టని చిత్తుకాగితాలనుకుని
పల్లీలబండికి కిలో లెక్కన అమ్మి సినిమాకెళ్ళాడు.
దిద్దిన కట్ట అది. నెల్లాళ్ళ కళ్ళు.
నాన్న చెక్కస్కేలు తీశాడు.
ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు,
వాడు పెట్టాడు.
తెల్లవారుజామున గుంటూరు బస్సెక్కాడు.
మిర్చియార్డులో గుమాస్తాగా కుదిరాడని ఎవరో చెప్పారు.
మధ్యలో కృష్ణ ఒక్కటే,
గంటన్నర కూడా లేని దారి.
ఏడేళ్ళు పట్టింది.

ఆ ఏడేళ్ళలో ఒక రాత్రి
ఏదో నవల్లో ఒక తండ్రి
కొడుకు గది తలుపు దాకా వచ్చి
తట్టకుండా వెనక్కి మళ్ళుతాడు.
"మళ్ళీ చదువు" అన్నాడు నాన్న.
చదివాను.
"మళ్ళీ."
తప్పేదో పట్టాడనుకుని ఒంగి చూశాను.
తప్పేం లేదు.
రీఫిలు ఒకేచోట ఆగి
ఎర్రటి సిరా ఊరుతోంది.

ఎనిమిదో ఏడు పెళ్ళికార్డొచ్చింది.
నాలుగు మూలలా పసుపు, కవరు మీద వాడి దస్తూరి,
లోపల "పనకాలరావుగారి కుమారుడు" అని అచ్చు.
నాన్న చాలాసేపు చూశాడు.
చూసి, తన పేరు మొత్తం కొట్టేశాడు.
అమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరగలేదు.
పప్పు మాడిన వాసనొచ్చింది, ఎవరం లేవలేదు.
కాసేపటికి కార్డు మళ్ళీ దగ్గరికి లాక్కుని
ముహూర్తంలో పొట్టిదైన హూ సరిచేసి,
పడిపోయిన దీర్ఘం మార్జిన్లో రాసి,
పేరు కింద
ఆరక్షరాలకీ ఆరు చుక్కలు
ఒక్కొక్కటే పెట్టాడు.

"పోస్టులో వేసిరా" అన్నాడు.
ఉత్తరం ముక్క రాయలేదు.

బ్రాడీపేటలో పెళ్ళి. మండపం మెట్ల మీద
ఇద్దరూ చెప్పులు చూసుకుంటూ నిలబడ్డారు.
"కార్డులు మళ్ళీ వేయించాను" అన్నాడు అన్న.
"దీర్ఘం పడిందా?"
"పడింది నాన్నా."

అక్కణ్ణుంచి ఇద్దరూ
ఆ ఏడాది మిర్చి ధర గురించి మాట్లాడుకున్నారు.