ఆగు

బూర్జలో పాలకొండ బస్సు దిగి
కుమ్మరి వీధి ఎటని అడిగాడు,
సంచిలో సుత్తీ ఉలీ తువ్వాలూ.
దాలినాయుడట. బొమ్మలు చేస్తాడట.
జంక్షన్లో చెయ్యి చాపి నిలబడ్డ సిమెంటు నాయకుడు
ఇతని చేతివాడే.
"ఇరవయ్యేళ్లుగా చాపే ఉందమ్మా ఆ చెయ్యి,
ఎవరికీ గుక్కెడు నీళ్లు పోసింది లేదు."
మా గౌరీసత్త నవ్వలేదు.
"మట్టి తొక్కుతావేటి? అయితే ఫేంటు పైకి మడు."

తొక్కాడు. మూడు వారాలు, నాతోపాటు.
నాగావళి ఒండ్రులో ఇసక ఎంతో, బూడిద ఎంతో
కాలి బొటనవేలితో నేర్చుకున్నాడు.
సారె మీద మాత్రం కుండ అతని మాట వినలేదు.
ఒకటి ఒరిగింది, ఒకటి కూలబడింది,
ఒకటి ఎగిరొచ్చి నా మొహాన పడింది.

అప్పట్నించీ పక్కన గొంతుక్కూర్చుని చూడ్డమే.
అత్త చేతుల్లో ముద్ద లేస్తోంది
పొట్ట తిరిగింది, మెడ ఇంకా రాలేదు.
"ఆగు" అన్నాడు.

నలభయ్యేళ్లలో ఆమెను ఆగమన్నవాడు లేడు.
మామ పోయాడని కబురొచ్చిన రోజు కూడా
అంచు తిప్పి, దారంతో కోసి, అప్పుడు లేచింది.

"ఆగితే అంబలి దేన్లో పోత్తావు బావూ, నీ నెత్తినా?"
"చూడు" అన్నాడు. అంతే.
చూసింది.
రోజూ దాటిపోయే ఊళ్లో
మొదటిసారి బస్సు దిగినట్టు.

మొదటి ఆవంలో సగం పగిలాయి.
రెండో ఆవంలో పొగమచ్చ పడ్డవి
కోళ్ల నీళ్లకి అత్త పక్కకి నెడితే
అవే ముందు ఏరి గడ్డిలో చుట్టాడు.
విశాఖపట్నంలో అద్దాల దుకాణం.
మెడ లేని ఒక్కదానికి ఇరవై కుండల డబ్బు.
"సెయ్యని పనికే కూలెక్కువేట్రా?"
అంది అత్త, నోట్లు రెండోసారి లెక్కపెడుతూ.

చీటీ మీద అతని పేరే ఉందని చెప్పాను.
పై నెల మార్పించి తెచ్చాడు:
గౌరీసు, బూర్జ.
కింద చిన్నక్షరాల్లో, ఆగమన్నది దాలినాయుడు.

ఐరేని కుండలకి ఇప్పటికీ ఆగదు.
"పెళ్లికి సగం కుండేటి, సెడ్డ మాట."

అతను రావడం మానేసి రెండు వానాకాలాలు.
సారె తిరుగుతుండగా, నడుమ,
ఆమె చేతులు మట్టిని వదిలేస్తాయి.
చప్పుడు ఒక్కటే తిరుగుతుంటుంది.
తరవాత మెడ వస్తుంది,
లేకపోతే రాదు.