తల నీడ

షాపాయన అడిగాడు: హాలుకా, దేవుడి గదికా?
షెడ్డుకి, అన్నాను.
షెడ్డుకైతే ఏదైనా ఒకటే గదమ్మా అని
అటక మీది దుమ్ము పెట్టె వైపు చెయ్యి చూపించాడు.

కావలి ట్రంకు రోడ్డు, సాయంత్రం ఆరు.
బస్సుల హారన్ల మధ్య
సంచిలోంచి తీసి గల్లా బల్ల మీద పరిచాను:
అరిగిన బేరింగొకటి,
ఎర్ర వైరు, నారింజ వైరు చెరో జానెడు,
ఎక్సెల్ మడ్‌గార్డు నుంచి ఊడిన రంగు పెచ్చు.
ఒక్కొక్కటీ వెలిగించు నాయనా, చూసి చెప్తా.

పసుపు బల్బు కింద ఎరుపూ నారింజా అక్కచెల్లెళ్లయ్యాయి.
ఆ పోలిక నమ్మే ఒకసారి
హారన్ నొక్కితే ఇండికేటరు వెలిగేట్టు చేసి ఇచ్చా,
వీధి వీధంతా నవ్వింది.
నీలం కొట్టే తెలుపులో
అరిగిన బేరింగు కొత్తదానిలా మెరిసింది,
పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు.
ఆ రెంటికీ మధ్యది, మబ్బు పట్టిన పగటి లాంటిది,
అరుగుని అరుగులాగే చూపించింది, తుప్పుని తుప్పులాగే.
కుర్రాడు బాజీ ముందు విసుక్కున్నాడు,
కాసేపటికి వాడే స్టూలెక్కి ఇంకోటి తగిలిస్తూ
అక్కా, ఇది చూడు, దీంట్లో చూడు.

నేను ఈ చదువు టార్చితో చదివా.
ఎనిమిదేళ్లప్పుడు మా నాయన పెంచలయ్య పక్కన
మోకాళ్ల మీద కూర్చుని.
ఇటు కాదే, అటు. అటు కాదు, నేను చూసే చోట.
ఆయన చూసే చోటేదో నాకెట్ట తెలుస్తది?
తెలిసిన రోజున తిట్లు ఆగిపోయినయ్.
తర్వాత స్పానరు నా చేతికిచ్చి
టార్చి తను పట్టుకున్నాడు.
బో అన్యాయంగా పట్టుకున్నాడు.
నేనూ తిట్టా.

ఇన్నాళ్లూ షెడ్డు నడుమ ఒకటే బల్బు.
ఇంజను మీదికి వంగితే
నా తల నీడ సరిగ్గా నాకు కావలసిన నట్టు మీదే.
పక్కకి జరిగితే తనూ జరిగేది.
అందుకే రెండు ట్యూబులు,
కుడి గోడకొకటి, ఎడమ గోడకొకటి,
తలకి మూరెడు ఎత్తున,
ఇది వేసిన నీడని అది తుడిచేసేట్టు.
ముసుర్లో పురుగులు దూరకుండా మూతలున్నవి.
తుఫాను రాత్రుల కోసం ఇన్వర్టరుకి ఒకటే కలిపా,
రెంటిని మోసే బలం దానికి లేదు.

బిల్లు పదహారు వందల నలభై.
నలభై వదలమన్నా. ఇరవై వదిలాడు.

రాత్రి ఎనిమిదిన్నరకి స్విచ్చి వేశా.
షెడ్డు ఒక్కసారిగా చిన్నదైపోయింది,
మూలలన్నీ దగ్గరకొచ్చినయ్.
పోయిందనుకున్న పదో నంబరు స్పానరు
కంప్రెసరు కింద నుంచి నన్నే చూస్తోంది.
మధ్యాహ్నం బాగుంది తీసుకుపో అన్న బండి,
తుమ్మలపెంట చెంచయ్యది.
చేపల పెట్టెలోంచి ఉప్పునీళ్లు కారీ కారీ
క్యారియరు కింద, వెల్డింగు పక్కన
వెంట్రుకంత గీత.
గోరు పెట్టి చూశా. గోరు దిగింది.

ఫోను చేశా.
చెంచయ్యా, పొద్దున బండికి రాబాక.
బాగుందన్నా గదా, బాలేదు.
అటు అలల మోత, కాసేపు.
మధ్యాహ్నం లేని పగులు రాత్రికి ఎట్టొచ్చింది మేయ్?
మధ్యాహ్నం కూడా ఉండాది. నాకు కనపళ్లా.
మరిప్పుడెట్ట కనపడె?
లైటు మార్చా.

నవ్వాడో దగ్గాడో తెలియలేదు.
ఆ లైటు ఖర్చు నా బిల్లులో వేస్తావా ఏంది, అన్నాడు.
వెయ్యనులే అన్నా.

ఆ ఒక్క బల్బు కింద
నేను బాగుందన్న బండ్లు
ఈ పదకొండేళ్లలో
ఎన్నెన్ని రోడ్ల మీద తిరుగుతున్నయ్యో
వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి,
మూడో వేలు దగ్గర ఆపి,
వెల్డింగు రాడ్డు కోసం లేచా.