జరగనివాటి నోటుబుక్కు

దొరస్వామన్న రిటైరైన దినం
డిపో గేటు కాడ షామియానా ఏసి
ఒక శాలువా, ఒక గోడగడియారం ఇచ్చినారు.
మేనేజరు మైకు పట్టుకుని
"ముప్పై ఒక్క ఏండ్లు మచ్చలేని సేవ" అని
ఆపైన ఏం చెప్పాలో తెలీక
చేతిలో కాగితం తిప్పి చూసినాడు.
వెనక ఖాళీ.

ఆ రాత్రే మా పిల్లోడి రెండుగీతల నోటుబుక్కు
మిగిలిన పేజీలు చించకుండా
తలకిందులు తిప్పి మొదలుబెట్టినా.

నేను శ్రామిక్‌ని.
అలిపిరి డిపోలో, గుంతలోకి దిగి
తలపైన బస్సు కడుపు చూసే పని.
కొండ దిగొచ్చిన బండికి ఒక వాసన ఉంటాది,
మాడిన లైనర్ది.
ఇనుము జడుసుకున్నట్టు ఉంటాది.
ఆ వాసన పట్టుకునే డ్రమ్ము కాడికి పోతా.

ఏం రాయాల?
మొదటి వారం పెన్ను కదల్లా.
టైలరు కుట్టిన రవిక చూపిస్తాడు,
మేస్త్రి లేపిన గోడ చూపిస్తాడు.
నేను చేసిందంతా
జరక్కుండా పోయిందే.

అదే రాసినా.

"గురువారం. 4126. ఎడమ వెనక చక్రం.
గాలి గొట్టంలో వెంట్రుకంత చీలిక.
చెవి పెడితే ఉస్సుమనింది. మార్చినా.
తెల్లారి నాలుగూ నలభైకి పైకి పోయింది.
ఏడున్నరకి దిగొచ్చింది."

దిగొచ్చింది అనే మాట
ఆ బుక్కులో అన్నిటికంటే జాస్తి.
సంతకం ఎవరూ అడగలా.
గ్రీజు బొటనవేలే ప్రతి పేజీకీ మూల పెట్టేసింది.

తప్పులూ రాసినా.
"మార్చి పదకొండు. నట్టు ఒక చుట్టు తక్కువ బిగించినా.
ఖాదర్‌వలన్న చూసి, తిట్టకుండా
స్పానరు మళ్లీ నా చేతికే ఇచ్చినాడు."

మెకానిక్ గ్రేడుకి ఫారం వచ్చింది.
"మీరు సాధించినవి వివరింపుడు.
ఐదు పంక్తులకు మించరాదు."
ఐదేండ్ల పని, ఏడాదికి ఒక గీత.
మురుగేశం "కష్టపడి పనిచేసితిని" అని రాసి
అవతల పడేసినాడు.
అబద్ధం కాదు పాపం.
అయితే ఆ మాట
ఎవరి పేరు కింద పెట్టినా అతుక్కుంటాది.

నేను మాత్రం రాత్రంతా నోటుబుక్కు ముందేసుకుని
వేళ్లు మడిచి లెక్కలేసినా.
మార్చిన గొట్టాలు అరవై రెండు.
ఎవరూ చెప్పకముందే కనిపెట్టినవి పందొమ్మిది.
నేను చూసి పంపినా దోవలో నిలిచిపోయినవి రెండు.
రెండూ రాసినా.

ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ అనింది:
"ఇదంతా నీ డ్యూటీనే గదా, ఇందులో సాధించిందేముంది?"
గొంతులో తడి ఆరిపోయింది.
"డ్యూటీనే మేడం.
చేసినట్టు నా కాడ గుర్తుంది, అంతే."
ఆమె పేజీలు తిప్పతా పోయి
4126 కాడ నిలిచింది.
ఫ్యాను గాలికి కాగితం లేవబోతే
వేలు పెట్టి ఆపింది.
ఇంకేమీ అనలా.

రిజల్టు ఇంకా రాలేదు.

పోయిన ఆదివారం కొర్లగుంటకి పోయినా,
కొత్త నోటుబుక్కు ఒకటి కొనుక్కుని.
"చెప్పన్నా, రాస్తా."
"ఏముంది మే, అన్నీ పోయినాయి, వచ్చినాయి"
అని నవ్వేసినాడు దొరస్వామన్న.
టీ సగం తాగినాక
బండి నెంబర్లు ఒక్కొక్కటే నోట్లోంచి రాబట్టినాయి,
పెండ్లికి పిలవాల్సిన చుట్టాల పేర్లు మాదిరి.
నా పెన్ను అందుకోలేకపోయింది.

ఉన్నట్టుండి ఆగినాడు.
"ఒకటి మొదటి ఘాటులో
పిట్టగోడకి ఆనుకుని నిలిచింది.
ఎవరికీ ఏం కాలా.
అయినా అది నా చేతి మీద పోయిన బండే.
అదీ రాయి మే.
కింద కాదు, పైన రాయి."

మొదటి పేజీలో, మొదటి గీత మీద రాసినా.

లేచి వచ్చేటప్పుడు చూస్తే
గోడ మీద డిపో వాళ్లిచ్చిన గడియారం
పది నిమిషాలు వెనకుండాది.
స్టూలు ఎక్కి సరిచేసినా.
అది మాత్రం ఏ బుక్కులోనూ ఎక్కించలా.