ఇసుకకు బదులు పలకడం రాదు

మా ఊరి బయట ఎంత గట్టిగా అరిచినా
అరుపు వెనక్కి రాదు.
కొండల మధ్య పుట్టినవాళ్లకు ఈ లోటు తెలియదు.
అగదేజ్ దాటి నాలుగడుగులు వేస్తే చాలు,
నీ గొంతు వెళ్లిందంటే వెళ్లిందే,
అప్పు తీసుకున్న బావమరిదిలాగా.

అందుకే మాకొక డిలే పెడల్ కావాలి.
పెళ్లిళ్లలో వాయించి కూడబెట్టింది అరవై వేల ఫ్రాంకులు,
చిరిగి అతికించిన నోటుతో కలిపి.
కానో నుంచి సరుకు తెచ్చే దన్‌లాదీ
చాప మీద రెండు పెట్టెలు పెట్టాడు.
ఒకటి అనలాగ్, రంగు లేచిపోయిన ఆకుపచ్చది,
అడుగున ఎవరిదో పేరు మేకుతో గీకి ఉంది.
ఇంకోటి డిజిటల్, తెల్లది,
మీది పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవలేదు.
"ఒక్కటే వస్తుంది" అన్నాడు
మా డబ్బు లెక్కపెట్టకుండానే.

పచ్చదాని లోపలేముందో
రేడియోలు బాగుచేసే అఖమూక్ చెప్పాడు:
బావి నుంచి తొట్టిదాకా మనుషులు వరసగా నిలబడి
బకెట్లు అందించుకున్నట్టు
చిన్న చిన్న గిన్నెలు స్వరాన్ని మోస్తాయట.
చేయి మారిన ప్రతిసారీ కాస్త తొణుకుతుంది.
చివరి గిన్నెలో నీళ్లకి మట్టి వాసన.
తెల్లది విన్నదాన్ని అంకెల్లో రాసుకుంటుంది,
అడిగినప్పుడు పొల్లు పోకుండా అప్పజెబుతుంది.

తీగ మీటాను.
పచ్చది మూడుసార్లు తిరిగిచ్చింది,
ఒకే ఆకుతో కాచిన మూడు గ్లాసుల టీలాగా.
మూడోది పలచన,
అయినా దానికోసమే మనుషులు లేవకుండా కూర్చుంటారు.
తెల్లది ఇచ్చిన మూడూ మొదటి గ్లాసులే.

మా మేనత్త తకియాత్
తెండె డోలు తోలుకు నీళ్లు చల్లి బిగిస్తూ అంది:
"మొదటిది నాలాంటిది, చెబుతూ చెబుతూ మరిచిపోతోంది.
రెండోది సరిహద్దు పోలీసు,
నువ్వన్న మాటే నీకు చదివి వినిపిస్తాడు."
అందరం నవ్వాం. అమూద్ నవ్వలేదు.

వాడి ఫోన్లో, మెమరీ కార్డులో, వాళ్లన్న పాట ఉంది.
బంగారం గుంతలో మట్టి విరిగిపడిన అన్న.
మా నాన్న కేసెట్ల మీద తాతల పాటలు అరిగి అరిగి
ఈగల రొద మిగిలింది.
"అరగడంలో అందం ఉందంటారు మీరు.
నాకు అరగనిది కావాలి" అన్నాడు వాడు.
ఎవరూ మాట్లాడలేదు.
టీ పొంగి బొగ్గుల మీద పడింది.

రెండూ ఒక రాత్రికి అరువిచ్చాడు దన్‌లాదీ,
నా మోటార్‌సైకిల్ తాళం పూచీ పెట్టుకుని.
ఆ పెళ్లిలో ముందు తెల్లదాన్నే కలిపాను, అమూద్ కోసం.
నిజం దాచనెందుకు, ఎంత బావుందో!
రెండు సెకన్ల ఆలస్యం పెట్టి, మీటి, చెయ్యి తీసేస్తే
తప్పటడుగు లేని ఒంటె నడకలా వస్తూనే ఉంది,
నేను చెమట తుడుచుకుంటున్నా
నీళ్లు తాగుతున్నా
నా అవసరం లేకుండానే.

అప్పుడు జనరేటర్ దగ్గింది.
బల్బులు ఎర్రబడ్డాయి.
తెల్లది ఆరిపోయి, మళ్లీ వెలిగి,
కొత్త ముఖంతో నావైపు చూసింది:
ఏ పాట? ఎవరి పెళ్లి?

చీకట్లో తడుముకుంటూ పచ్చదాన్ని బిగించాను.
బల్బులతోపాటు అదీ సోలింది, గొంతు కాస్త జారింది,
కానీ పట్టుకున్న స్వరాన్ని కింద పడెయ్యలేదు.
పెళ్లికూతురి పిన్ని ఒకామె
ఆ జారుడుకే ఈల వేసింది.

తెల్లారి యాభై రెండు వేలు లెక్కపెట్టి ఇచ్చాను.
దన్‌లాదీ తెల్లదాన్ని గుడ్డలో చుడుతుంటే
అమూద్ దాని మీట ఒకసారి నొక్కి చూశాడు,
కరెంటు లేదని తెలిసీ.

మిగిలిన డబ్బుల్లోంచి వాడికి ఇంకో మెమరీ కార్డు కొన్నాం,
అన్న పాట రెండో చోట కూడా ఉండాలని.

నిన్న సాధనలో
పచ్చదాని మూడో పలుకు ఇంకా సన్నబడుతూనే ఉంది,
అమూద్ దాని మీదే తీగ మీటేశాడు.
ఆగమని నేను అనలేదు.