వాసాలు లెక్కపెట్టే పని

ఊరి పేరు స్విఫ్ట్ కరెంట్.
నా పెట్టెలో ఉన్నదీ కరెంటే,
లోహంలో సుడులు తిరిగే రకం.
మార్చి. బయట మోకాలి లోతు మంచు.
ఎండ తగిలిన మేర హ్యాంగర్ రేకులు
టిక్కు టిక్కుమంటున్నాయి.

ఆస్కెలాండ్ ఫ్లాస్కులోంచి కాఫీ పోశాడు.
తాగాను.
ఇక అతని ఇంటి వాసాలు లెక్కపెట్టాలి.

అరవై ఏడులో పుట్టిన విమానం.
నాలుగు సీట్లు, ఒక ఇంజను, పొట్ట మీద గోధుమరంగు చార.
పదకొండు వేల నాలుగు వందల గంటలు.
అందులో మొదటి మూడు వేలు
చమురు పైపులైన్ల వెంబడి, నేలని రాసుకుంటూ,
ఎండకి లేచే గాలి కింద నుంచి గుద్దుతుంటే.
రెక్కలు ముక్కలు చేసుకోవడమంటే ఇదే, అక్షరాలా.
డెబ్బై నాలుగు నుంచి డెబ్బై ఆరు దాకా లాగ్‌బుక్కు లేదు.
"ఎవరి పొలం షెడ్డులోనో ఎలకలు తినేసుంటాయి" అంటాడు.

సీట్లు పీకాం. కార్పెట్ ఎత్తాం.
రెక్క మొదట్లో, కింది దూలానికి, చివరి రెండు బోల్టులు.
బయటికి రావడానికి గంటంబావు,
ఒక బూతు మాట. అతనిది కాదు.

చిటికెన వేలు పట్టని రంధ్రం.
ప్రోబు దించి మెల్లగా తిప్పుతాను.
తెర మీద ఆకుపచ్చ చుక్క.
పగులుంటే ఎగురుతుంది.
లేకపోతే ఏమీ జరగదు.
ఆ ఏమీ జరగకపోవడం కోసమే
నాలుగు గంటలు మంచులో కారు నడిపి వచ్చాను.

ఎడమ రెక్క: ఏమీ జరగలేదు.
కుడి రెక్క, ముందు బోల్టు: ఏమీ జరగలేదు.
వెనక బోల్టు.
చుక్క ఎగిరింది.

తుడిచి మళ్ళీ తిప్పాను. అక్కడే,
గడియారంలో ఏడు ఉండే చోట.
ఆస్కెలాండ్ ఏమీ అడగలేదు.
టోపీ తీసి
లోపల కుట్టిన చీటీ చదువుతున్నాడు.

లైటు. అద్దం. భూతద్దం.
పగులు కాదు, గీత.
నాకన్నా ముందు ఎవరో వచ్చి
నాలాగే అనుమానించి
బోల్టుని తొందరపడి బయటికి కొట్టినప్పుడు
దాని మరలు గీసిన గీత.
యాభై ఏళ్ళ గాలి చెయ్యని పని
బాగుందా అని చూడబోయిన చెయ్యి చేసింది.

"అయితే బాగున్నట్టేనా?"
"కాదు. పగులు మొదలయ్యేది గీత దగ్గరే."
రంధ్రాన్ని వెంట్రుకవాసి పెద్దది చెయ్యాలి,
ఒక సైజు పెద్ద బోల్టు వెయ్యాలి.
అలా ఒకసారి చెయ్యొచ్చు, మహా అయితే రెండు.
ఆపైన చెక్కడానికి దూలం ఉండదు.

అతను లెక్కలు వేసుకుంటూ బయటికి వెళ్ళాక
లాగ్‌బుక్కు తిరగేశాను.
పన్నెండేళ్ళ కిందటి పేజీ, ఇదే పరీక్ష,
నూనె మరకలో సగం మునిగిన సంతకం.
నాది కాదు.
ఆ ఏడాది ఇటువైపు వచ్చానా?
నాది కాదనే అనుకుంటున్నాను.

ఎడమ రెక్క బోల్టులు తిరిగి పెట్టేటప్పుడు
సుత్తి పెట్టెలోనే ఉండనిచ్చాను.
గ్రీజు రాసి, బొటనవేలితో,
నిద్రపోతున్న వాళ్ళ గది తలుపు వేసినట్టు
నెట్టాను.