ఎడమ చెయ్యి

కాశీబుగ్గ ఆసుపత్రి ల్యాబు కిటికీలోకి
జీడి బట్టీల పొగ వచ్చే వేళ
దమయంతి కుడి చూపుడువేలు చాపింది.
దొండపండులా ఉంది.
"కత్తి మొన గుచ్చుకుంది బావూ, నిన్న సందేల.
ఇసుమంత రగతం. తుడిసేసినాను."

పదకొండేళ్లుగా పలాస షెడ్డులో పప్పు ఏరే వేలు అది.
గుండు ఏదో, బద్ద ఏదో,
పురుగు తొలిచింది ఏదో
చూడకుండానే చెబుతుంది.
ఆ పురుగు పేరు తనకి తెలీదు.
బూజులాంటి ఒక దారం,
అరచేతిలో కాస్త తేలిక,
అంతే చాలు.

ఆమె చర్మం కింద కూడా ఎవరో కూర్చుని ఉన్నారు
ఇలాగే, తట్ట ముందు.
చదువురాని కణం.
నిన్న సందేల దూరిన క్రిమిది
ఏ ఊరో, ఏ కత్తిపిడి మురికో అడగలేదు.
తడిమింది.
కొవ్వూ చక్కెరా కలిపి నేసిన ఆ పొర,
ఈదుకొచ్చిన ఆ తోక,
మన ఇంట్లో ఎవరూ కట్టని నేత.

క్రిమి వేషాలు మార్చగలదు,
మందుకి లొంగకుండా ఉండగలదు,
పూటలో వేల పిల్లల్ని కనగలదు.
ఆ పొర మాత్రం విప్పలేదు.
విప్పితే చస్తుంది.
దేన్ని వదులుకోలేదో
దానితోనే దొరికిపోయింది.

ఆ తర్వాత కేక.
రక్తనాళాలు గడియలు సడలించాయి.
నీరు. వేడి. ఎరుపు.
స్లైడు మీద ఊదారంగు అద్ది చూస్తున్నాను:
మూడు నాలుగు ముడులుగా కేంద్రకం మెలిపడ్డ తెల్లకణాలు,
ఉండాల్సినదానికి రెట్టింపు,
తినడానికీ, తిని చచ్చి చీము కావడానికీ బయల్దేరినవి.

"ఈ వాపు ఆ పురుగు సేసిందేనా?"
చాలావరకు నువ్వే చేశావు, దమయంతీ.
ఆమె నవ్వింది.
"నానే సేసుకుంటే నాకెందుకు నొప్పెడతాది?"
జవాబు తెలీక కాగితం మీద అంకె వేశాను.
ఒక్కోసారి, చినిగిన మన కణం లోపలి పోగే
బయటపడినా అది కేక పెడుతుందని,
ఇంటిలోది వాకిట్లో దొరికితే అనుమానమేనని
చెప్పబోయి మానేశాను.
వెనక పన్నెండు మంది వరసలో ఉన్నారు.

మూడోనాడు మళ్లీ వచ్చింది.
ఎడం చేత్తో ఏరితే
మేస్త్రి తట్ట తిప్పి పంపేశాడట,
సగం పుచ్చులేనని.
పదకొండేళ్లు నేర్చిన కుడి చెయ్యి
పక్కనున్న ఎడమకి ఒక్క ముక్కా చెప్పలేదు.

ఆ ఎడమచేతి వేలు పట్టుకుని సూది గుచ్చాను.
దాని చర్మం కింద,
దమయంతికీ వాళ్లమ్మకీ ఆ అమ్మమ్మకీ ముందే
ఎవరో దిద్దించి పంపిన ఏరివేత
తట్ట ముందు కూర్చుని
నా సూదిని తడిమింది.